పెద్దరాణి బరువు

జనవరి 24, 1979. బుధవారం. ఆళ్లగడ్డ.

మాట నాది, చెయ్యి సువార్తమ్మ టీచరుది. నాకు అక్షరం రాదు. అందుకని ప్రతి పేజీ చివర నా బొటనవేలు అద్దుతాను. బొమ్మల కళ్లకు పెట్టే కాటుకే వేలికి రాసుకుంటున్నాను, అంత తేలిగ్గా పోదు. వేలిముద్ర కింద ఒక్క గీత కనిపించినా అది నేను చెప్పింది కాదు.

సంగతి ఇది. మా పెద్దరాణిని నా మరిది సంజీవయ్య మార్చేశాడు.

పెద్దరాణి అంటే మా కొయ్యబొమ్మలాటలో రాణి బొమ్మ. ఏ కథలో ఏ రాణి రావాలన్నా అదే వస్తుంది, చీర మారుతుంది, అంతే. మా మామ తండ్రి వేపమొద్దులో చెక్కాడు. నా నడుము దాకా వస్తుంది. ఆడించేటప్పుడు నా తలమీద గుడ్డ చుట్టిన ఇనుప కడియం ఉంటుంది. దాని నుంచి రెండు తాళ్లు దిగి రాణి చెవుల దగ్గర కట్టి ఉంటాయి. చేతుల తాళ్లు నా వేళ్లకు. నేను తల వంచితే రాణి వంచుతుంది, నేను తిప్పితే తిప్పుతుంది. బరువంతా నా మెడదే. నలభై నాలుగేళ్లు మోశాను. ఏ ఊరి ఆటలోనూ నా తల వణకలేదు. నా భర్త కొండయ్య రాజును మోసేవాడు. ఆయన పోయి పదమూడు నెలలు.

నెల కిందట సంజీవయ్య నంద్యాల నుంచి వచ్చాడు. "వదినా, రాణికి మెడకాడ పగులు పట్టింది. తీసుకపోయి బాగుచేసి తెస్తా" అన్నాడు. పగులు నేనూ చూశాను. శివరాత్రికి యాగంటిలో ఆట ఉంది కదా అని ఇచ్చాను. నిన్న తెచ్చాడు. ముఖం అదే. ముక్కు కొన పెచ్చు ఊడిన చోటు అదే. కొత్త ఎర్ర రవికె అతికించాడు. కడియం పెట్టుకుని లేపాను.

మెడ చెప్పింది, ఇది ఆమె కాదని. బరువు. రాయి కట్టినట్టు బరువు.

"ఏం వదినా, బాగుండాదా?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

"బాగుండాది" అన్నాను. దొంగను మొదటి రోజే దొంగా అంటే జాగ్రత్తపడతాడు.

ముసలిదానికి బలం తగ్గింది, అందుకే బరువనిపించింది అంటారని తెలుసు. అందుకే ఇది కూడా రాయించాను. నాకు అరవై మూడు. ఈ వీధిలో నా ఈడు ఆడవాళ్లు మంచం పట్టారు, లేదా కోడళ్ల చేతి కింద ఉన్నారు. నేను ఈ రోజుకీ కొర్రలు రోకటితో దంచుకుంటాను. బావిలో నీళ్లు చేదతో నేనే తోడుకుంటాను. ఆయాసం లేదు.

జనవరి 25.

టీచరు అడిగింది, "మణెమ్మక్కా, ఎందుకు మారుస్తాడు?" అని. అడగవలసిన ప్రశ్నే.

పోయిన కార్తీకంలో హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. మెడలో కెమెరా. బొమ్మలన్నిటినీ గోడకు ఆనించి ఫొటోలు తీశాడు. పెద్దరాణి దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. "ఇంత పాత కొయ్యరాణి ఇంకెక్కడా చూడలేదమ్మా, అమ్ముతారా?" అన్నాడు. "మీ అమ్మను అమ్ముతావా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. తర్వాత బస్టాండు దాకా సంజీవయ్య ఆయనతో నడిచి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఒక కాగితం మీద ఏదో రాసి ఇవ్వడం చూశాను.

మాదిరి చూసి కొత్త బొమ్మ చెక్కడం సంజీవయ్యకు చేతకాని పని కాదు. నా భర్త తర్వాత ఉలి పట్టేవాడు వాడొక్కడే.

జనవరి 26.

జెండా పండగని టీచరు ఆలస్యంగా వచ్చింది. రెండు బొరుగుల పొట్లాలు తెచ్చింది. ఇవాళ రాసేది లేదు. మెడ నొప్పి. ఆ నకిలీదాన్ని లేపినందుకే.

జనవరి 29. సోమవారం.

నిన్న ఆదివారం. టీచరు చర్చికి పోయింది. ఈ రోజు అడిగాను, ఈ పుస్తకం సంగతి అక్కడ ఎవరికైనా చెప్పావా అని.

"చెప్పలేదక్కా."

"పాస్టరుకు?"

"ఆయనకెందుకు చెప్తా?"

"మీరు అన్నీ చెప్పుకుంటారంట కదా."

"పాపాలు దేవునికి చెప్పుకుంటాము. నీ పాపాలు కాదు, నావి."

బైబిలు మీద ప్రమాణం చేయమన్నాను. ప్రమాణాలు చేయొద్దని దాంట్లోనే ఉంది అంది. ఎంత తెలివిగా తప్పించుకుందో. అయినా ఇంకెవరున్నారు రాయడానికి? పాత పేజీలు మళ్లీ చదివించాను. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. వేలిముద్రలు లెక్కపెట్టుకున్నాను. సరిపోయాయి.

ఫిబ్రవరి 1.

చెప్పకుండా నంద్యాల పోయి వచ్చాను. చెప్పి పోతే దాచేస్తారు.

సంజీవయ్య ఇంట్లో లేడు, నూనెమిల్లులో పనికి పోయాడు. కూతురు సరస్వతి పెరట్లో ఉంది. దానికి ముప్పై దాటింది, ఇద్దరు పిల్లల తల్లి. నేను చూసింది ఇది. తలమీద గుడ్డ చుట్టిన కడియం, దాని నుంచి దిగిన తాళ్లకు ఇసుక నింపిన బిందె. మెల్లగా తల వంచి బిందెను నేలకు ఆనీ ఆనకుండా దించుతోంది. నన్ను చూసి బిందె కింద పెట్టేసింది.

"ఎవరు నేర్చుకోమన్నారు?"

"నాయన, పెద్దమ్మా."

"ఎప్పటి నుంచి?"

"పెద్దనాయన ఉన్నప్పటి నుంచే."

అబద్ధం. ఆయన ఉండి ఉంటే నాకు చెప్పేవాడు. నా కడియం ఇంకొకరి తలమీదికి పోవాలని ఆయన ఎందుకు అనుకుంటాడు?

మంచినీళ్లు తెమ్మని దాన్ని లోపలికి పంపి నేను వెతికాను. అటక మీద చూశాను. గడ్డివామిలో చెయ్యి పెట్టాను. జొన్నల గంపలో కూడా చూశాను. సరస్వతి చెంబుతో వచ్చి నిలబడి, "ఏం పోయింది పెద్దమ్మా?" అంది. "ముక్కుపుడక" అన్నాను. "నీ ముక్కుకే ఉండాది" అంది. దానికి నవ్వు ఆగలేదు. నాకు నవ్వు రాలేదు. పెద్దరాణి ఆ ఇంట్లో లేదు. అంటే అప్పుడే చేతులు మారింది.

ఇంతలో సంజీవయ్య వచ్చాడు.

"వదినా, చెప్పి వస్తే బస్టాండుకు వస్తాంటి కదా."

"రాణి బరువెందుకొచ్చింది?"

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "లోపల చెక్క పెట్టినా" అన్నాడు.

"యాడ లోపల? అది గట్టి మొద్దు. లోపల అనేది యాడుండాది?"

"పగులు లోతుగా ఉండె."

"పగులు మెడకాడ. బరువు ఒళ్లంతా."

"వదినా, గమ్మునుండు. శివరాత్రి ఆట కానీ. మళ్ల అన్నీ చెప్తా."

పంచకట్టు సర్దుకుంటూ నా కళ్లలోకి చూడలేదు. వాణ్ణి నేను పదేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి ఎరుగుదును. బెల్లం దొంగిలించి దొరికినప్పుడు కూడా ఇలాగే పంచె సర్దుకునేవాడు.

ఫిబ్రవరి 5.

రుద్రవరం పోయాను. పుల్లయ్య మామ మా ఆటవాళ్లందరికీ పెద్ద. ఎనభై ఏళ్ల మనిషి. అరుగు మీద పడుకునే విన్నాడు.

"సాక్ష్యం ఏంది?"

"నా మెడ."

"మెడ సాక్ష్యం చెప్పడం నేను యాడా విన్లేదు మణెమ్మా."

"నువ్వు రాణిని మోసింటే వినింటావు."

లేచి కూర్చున్నాడు. కట్టుబాటు ఏమిటో చెప్పాడు. అది నాకూ తెలుసు. తాత బొమ్మను బయటివాళ్లకు ఇచ్చినవాడు మళ్లీ తాడు ముట్టకూడదు. వాడి పిల్లలూ ముట్టకూడదు. అదొకటి. రెండోది, నింద తప్పయితే ఆ మెడ తప్పు చెప్పినట్టు. తప్పు చెప్పిన మెడ కడియం దించాలి, ఆ రోజే, అందరి ముందర.

"ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

"సంజీవడు లేకుంటే ఆట కట్టేదెవరు? ఆలోచన చేసుకో."

"దొంగ కట్టే ఆట నాకొద్దు."

పద్నాలుగో తారీకు, బుధవారం, రుద్రవరంలోనే కూడుదామన్నాడు. ఆ రోజు అందరి ముందర బొమ్మ రవికె విప్పి చూపిస్తానని చెప్పి వచ్చాను. రవికె కింద పాత మొద్దు ఉందో కొత్త కొయ్య ఉందో అందరూ చూస్తారు. ఆ రవికె బొమ్మకు జిగురుతో అతికించి ఉంటుంది. రంగులు వేసేవాళ్లే మారుస్తారు. నలభై నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా విప్పలేదు.

ఫిబ్రవరి 6.

కొర్రలు దంచాను. ఆయాసం లేదు.

ఫిబ్రవరి 9. శుక్రవారం.

సంజీవయ్య వచ్చాడు. టీచరు ఇక్కడే ఉంది. పుస్తకం మీద చాప కప్పాను.

గడపలోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రవికె విప్పుతానన్నావంట."

"విప్పుతా."

"విప్పొద్దు వదినా."

"ఎందుకప్పా, లోపల ఏముండాది?"

"నేను దొంగననే అనుకో. పుల్లయ్య మామ ముందర నేనే చెప్తా, మార్చినానని. ఆట మానేస్తా. నువ్వు రవికె మాత్రం విప్పొద్దు."

"అట్లయితే అసలు రాణి యాడుండాది? దాన్ని తెచ్చియ్యి."

లేచి, చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ వేసుకుని పోయాడు. మజ్జిగ ఇస్తే కూడా తాగలేదు.

టీచరు అంది, "చేసింటే కాదంటారు అక్కా. ఒప్పుకుంటా, చూడొద్దు అంటాండాడంటే ఇదేందో వేరే ఉండాది."

పదిహేను రోజులుగా నేను మొత్తుకునేది అదే. ఏదో దాస్తున్నాడు.

ఇంకొకటి తట్టింది. బుధవారం దాకా ఆగితే వాడు వచ్చి బొమ్మను ఎత్తుకుపోవచ్చు. ముందే నేను చూసి పెట్టుకోవాలి. టీచరు సాక్షి.

ఫిబ్రవరి 12.

ఏమీ రాయొద్దన్నాను. వేలిముద్ర మాత్రం.

ఫిబ్రవరి 13. మంగళవారం.

రాయి టీచరమ్మా. నువ్వు చూశావు కాబట్టి రాయడానికి భయపడనక్కరలేదు.

నిన్న వేడినీళ్లలో గుడ్డ తడిపి రవికె మీద వేశాము. జిగురు నానింది. రవికె ఊడి వచ్చింది. వీపున ఒక మూత ఉంది. జానెడు పొడవు, అంచులు నున్నగా కలిసిపోయి ఉన్నాయి. కత్తి మొనతో లేపాము. లోపల కొత్త వేపచెక్క ముక్క, గట్టిగా బిగించి ఉంది. సంజీవయ్య చెప్పింది నిజం. చెక్క పెట్టాడు. పెట్టడానికి లోపల చోటు ఉంది.

ఆ ముక్కను కదిలించి బయటికి తీశాను. పెద్దరాణి ఒళ్లు సొరకాయ బుర్ర మాదిరి బోలుగా ఉంది. ఛాతీ దగ్గర వేలు మందం కూడా లేదు. పగులు అక్కడ పుట్టి మెడకు ఎక్కింది.

"ఏందక్కా ఇది, పురుగు తినిందా?" అని టీచరు అడిగింది.

పురుగు కాదు. ఉలి. లోపలి గోడ పొడుగునా ఉలి దెబ్బలు. అన్నీ కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. ఎడమచేత్తో ఉలి పట్టే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. సంజీవయ్యది కుడిచెయ్యి.

దెబ్బలన్నీ ఒకనాటివి కావు. మూత దగ్గరివి నల్లబడి ఉన్నాయి. లోపలికి పోయే కొద్దీ ఎర్రగా, ఇంకా లోపల పసుపుగా. వేలితో తడిమితే ఒక్కొక్క పొర అంచు తెలుస్తోంది. పది దాకా తడిమి ఊరుకున్నాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. శివరాత్రికి ముందు బొమ్మలకు కొత్త రంగు వేస్తారు. కళ్లు దిద్దే రెండు రోజులు గది తలుపు మూసేస్తారు. ఎవరు ఆడించే బొమ్మను వాళ్లు చూడకూడదు, చూస్తే బొమ్మ మనల్ని గుర్తుపట్టదంటారు. అందుకే రాజును సంజీవయ్యకు వదిలి, రాణి పని కొండయ్యే పెట్టుకునేవాడు. నేను తలుపు బయట కూర్చుని బియ్యం చెరిగేదాన్ని. లోపల టకటక వినిపించేది.

"ఏం చేస్తాండారు?" అని అడిగేదాన్ని.

"పాత రంగు గీకుతాండాలే" అనేవాడు.

బయటికి వచ్చి పెద్దరాణిని నా చేతికిచ్చి, "ఎత్తి చూడు, ఎట్లుండాది?" అనేవాడు. నేను కడియం పెట్టుకుని ఎత్తి, "ఎప్పటి మాదిరే ఉండాది" అనేదాన్ని. "నీ మెడ ఇనుము మణీ" అని నవ్వేవాడు. పక్కన సంజీవయ్య ఉలి తుడుచుకుంటూ తల వంచుకుని ఉండేవాడు.

మొదటి పేజీలో ఏ ఆటలోనూ నా తల వణకలేదని రాయించాను. కొట్టేయమంటే టీచరు కొట్టేస్తానంది. వద్దు, ఉండనీ. దాని కింద ఇది రాయి. నందికొట్కూరు ఆటలో ఒకసారి వణికింది. చాలా ఏళ్లయింది. రాణి తల రెండు మూడు సార్లు ఊగింది. ఏడుపు ఘట్టం కాబట్టి జనం ఏడుస్తోందనుకున్నారు. ఎవరూ చూడలేదనుకున్నాను. పక్కనే రాజును మోస్తున్న మనిషి చూశాడన్నమాట.

నాతో ఒక్క మాట అని ఉంటే కడియం దించేదాన్ని. దించేదాన్నా? ఏమో. ఆయన నెత్తిన విసిరి ఉండేదాన్ని.

చెక్కముక్క మళ్లీ లోపల పెట్టాను. మైదా ఉడకబెట్టి రవికె అతికించాను. నాకు ఆ పని రాదు. ఒక పక్క వంకర వచ్చింది.

ఫిబ్రవరి 14. బుధవారం.

రుద్రవరం బస్సులో రాణిని ఒళ్లో పెట్టుకుని పోయాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పది పదిహేను మంది వచ్చారు. సంజీవయ్య, సరస్వతి ముందే వచ్చి ఒక మూల నిలబడ్డారు.

సంజీవయ్య లేచి, "మామా, నేను..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు కూచో" అన్నాను. "నింద వేసింది నేను, ముందు నేను మాట్లాడాల."

పుల్లయ్య మామ, "విప్పి చూపిస్తానంటివి, విప్పు" అన్నాడు.

"విప్పేది లేదు. ఇది మా పెద్దరాణే. నా మెడ తప్పు చెప్పింది."

వెనక ఎవరో నవ్వారు. ఎవరో చూసి పెట్టుకున్నాను.

"మళ్ల బరువెందుకొచ్చిందంటివి?"

"నాకు అరవై మూడేళ్లు మామా. నాకెవరూ చెప్పలేదు."

గుడ్డ మూటలోంచి కడియం తీశాను. నలభై నాలుగేళ్ల చెమటకు గుడ్డ నల్లబడింది, ఏటేటా పైన కొత్త గుడ్డ చుట్టేదాన్ని గాని పాతది తీయలేదు. సరస్వతిని పిలిచాను. రెండు చేతులూ చాచింది. చేతుల్లో పెట్టలేదు. తలమీద నేనే పెట్టాను. తాళ్లు కట్టి రాణిని లేపమన్నాను.

లేపింది. రాణి నిలబడింది. తల కదలలేదు.

"మెడ బిగబట్టొద్దు" అన్నాను. "నడుములో పెట్టుకో బరువు. మెడకు తెలియనీయొద్దు."

"సరే పెద్దమ్మా."

"పెద్దనాయన ఉన్నప్పటి నుంచే నేర్చుకుంటాండానంటివి కదా. ఎన్నేళ్లాయె?"

అది తండ్రి వైపు చూసింది. సంజీవయ్య చూరు వైపు చూశాడు.

"ఇసుక బిందె చాలదు" అన్నాను. "ఈమె అంతకన్నా బరువు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడి ఉంటే సంజీవయ్య పక్కకు వచ్చాడు.

"వదినా, రవికె ఒక పక్క వంకరగా ఉండాదే."

"నువ్వే అట్ల అతికించినావు."

నా గోళ్ల వైపు చూశాడు. మైదా ఇంకా పోలేదు. నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను. వాడు పంచె సర్దుకున్నాడు.

"అన్న ఒట్టు పెట్టించుకున్నాడు వదినా" అన్నాడు.

"ఎవరు అడిగినారు నిన్ను? బస్సు వస్తాండాది చూడు."

ఫిబ్రవరి 27.

యాగంటి ఆట అయింది. సరస్వతి రాణిని మోసింది. నేను వెనక కూర్చుని పాట పాడాను. మెడ ఊరికే ఉంటే గొంతు బాగా వస్తుందని తెలిసింది. ఏడుపు ఘట్టంలో రాణి తల ఒక్క వెంట్రుక కూడా ఊగలేదు. అది బాగుందని అందరూ అన్నారు. నాకు మాత్రం కాస్త ఊగాలనిపించింది. రేపు పిలిచి చెప్తాను.

మార్చి 3. శనివారం.

ఈ పుస్తకం ఇక అక్కరలేదు కదక్కా అంది టీచరు. అక్కర ఉంది. రాయి.

పొద్దున కొర్రలు దంచుతుంటే చెయ్యి ఆగింది. ఈ రోకలి ఇంటికి వచ్చి ఎన్నేళ్లు? పాతదానికి చెదలు పట్టిందని చెప్పి కొండయ్య కొత్తది తెచ్చాడు. చెదలు నేను చూడలేదు. ఆయన చెబితే నమ్మాను. వెంటనే టీచరు ఇంటికి పోయి వాళ్ల రోకలి అడిగి తెచ్చాను. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లది ఇరవై ఏళ్లుగా మారలేదంట.

మాది రోకలి కాదు. కర్ర.

తర్వాత చేద గుర్తొచ్చింది. పాత చేద కారుతోందని, చిల్లు పడిందని, చిన్నది కొన్నాడు. పాతది పారేయకుండా అటక మీద పెట్టాడు. నేను ఎక్కలేను, టీచరు ఎక్కి దించింది. దుమ్ము కడిగి, నిండా నీళ్లు పోసి, పొడి నేల మీద అరుగు పక్కన పెట్టాను.

పొద్దుటి నుంచి దాని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు మాపటేళ అయింది. అడుగున చెయ్యి పెట్టి చూశాను.

నేల పొడిగానే ఉంది.